మూడుసార్లు పెట్టిన వేలు

కిరణ్ పాల్ రాసిన ప్రోగ్రాం అబద్ధం చెప్పదు. ఈ మాట అందరికంటే ముందు అన్నదీ, అందరికంటే ఎక్కువసార్లు అన్నదీ కిరణ్ పాలే. రెండు వేల పదకొండులో, సకల జనుల సమ్మె మొదలైన వారంలో, మాదాపూర్‌లోని తమ అద్దాల ఆఫీసు నాలుగో అంతస్తులో, మీటింగు గదిలో లేచి నిలబడి మరీ అన్నాడు. ఆ రోజు తన గొంతులో పలికిన ధీమా గుర్తొస్తే ఇప్పటికీ అతనికి తల కొట్టేసినట్టవుతుంది.

ఆ ప్రోగ్రాం హాజరు వేసేది. వెనక గేటు దగ్గర గోడకి చిన్న యంత్రం ఉండేది. వచ్చిన మనిషి తన నంబరు నొక్కి వేలు పెట్టాలి. వేలిముద్ర కుదిరితే పచ్చ దీపం, కుదరకపోతే ఎర్ర దీపం. మూడుసార్లు పెట్టి చూడొచ్చు. యంత్రం ఎక్కడో కొన్నదే గాని దాని వెనకున్న తెలివితేటలన్నీ కిరణ్ పాల్ బృందానివి. ముందు సొంత ఆఫీసులో తుడిచేవాళ్ళ మీదా కాపలావాళ్ళ మీదా వాడి చూసి, బాగుంటే ఊరంతా అమ్ముదామని కంపెనీ ఆలోచన. ఇంజనీర్లకి ఈ బాధ లేదు. వాళ్ళు మెళ్ళో కార్డు చూపించి ముందు గేటులోంచి దర్జాగా వెళ్ళేవారు.

కొత్త పని మొదలుపెట్టే ముందు, దాన్ని వాడేవాళ్ళ మనసు తెలుసుకోవాలని ఆ కంపెనీలో ఒక ఆచారం. దానికి సహానుభూతి అని పెద్ద పేరు. బెంగళూరు నుంచి ఒకావిడ వచ్చి రెండు రోజులు పాఠం చెప్పింది. పాఠంలో భాగంగా బృందమంతా కలిసి ఒక ఆడమనిషిని ఊహించి చార్టు మీద రాశారు. పేరు లక్ష్మి. వయసు ముప్పై ఎనిమిది. పని, ఆఫీసు తుడవడం. ఇష్టం, టీవీ సీరియళ్ళు. భయం, కొత్త యంత్రాలు. రంగుల స్కెచ్ పెన్నులతో బొట్టూ పూలూ పెట్టి బొమ్మ కూడా వేశారు. “మన లక్ష్మికి ఏం కావాలి?” అని ఆవిడ అడిగితే పెద్ద అక్షరాలని ఒకరు, తెలుగులో పలికే గొంతని ఇంకొకరు చేతులెత్తి చెప్పారు. చప్పట్లు కొట్టుకున్నారు. అదే గదిలో, అదే సమయంలో, అంజమ్మ అనే నలభై ఏళ్ళ మనిషి వాళ్ళు తాగి పడేసిన కాగితపు కప్పులు ఏరుతోంది. ఆ అంతస్తు తుడిచేది ఆమే. తుడిచే మనిషికి ఏం కావాలో ఆమెని అడగాలని అక్కడున్న పదకొండు మందిలో ఒక్కరికీ తోచలేదు. బాగా చదువుకున్నవాళ్ళకి ఇలాంటి గుడ్డితనం ఇట్టే అబ్బుతుంది.

పరీక్షించడమూ అలాగే అయింది. పదకొండు మందీ తమ తమ వేళ్ళు పెట్టి చూసుకున్నారు. కీబోర్డు తప్ప మరొకటి గట్టిగా రుద్ది ఎరగని వేళ్ళు. పచ్చ దీపం టకటకా వెలిగింది. జూలైలో తుడిచేవాళ్ళ సూపర్‌వైజర్ జయలక్ష్మి, ఆడవాళ్ళ వేళ్ళని మిషన్ పట్టడం లేదని రెండుసార్లు ఫిర్యాదు పంపింది. “చేతులు కడుక్కుని మళ్ళీ పెట్టమనండి” అని కిరణ్ పాల్ రెండుసార్లూ ఒకే జవాబు కొట్టి ఫిర్యాదు మూసేశాడు. ఎన్ని ఫిర్యాదులు ఎంత తొందరగా మూస్తే అంత సమర్థుడి కింద లెక్క అక్కడ.

అయినా సమ్మె ముందు వరకూ అదో పెద్ద చిక్కు కాలేదు. ఎర్ర దీపం వెలిగితే గేటు దగ్గరి కాపలాదారు నర్సయ్య పుస్తకంలో పేరు రాసుకుని లోపలికి పంపేవాడు. ఆ పుస్తకాన్నే హాజరు కింద తీసుకునేవారు. సమ్మెతో బస్సులు ఆగాయి, కొన్ని రోజులు రైళ్ళూ ఆగాయి. తుడిచేవాళ్ళలో సగం మంది రావడం మానేశారు. నిజంగా ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు అని పైవాళ్ళు అడగడం మొదలుపెట్టారు.

కిరణ్ పాల్‌ది తాడేపల్లిగూడెం వైపు. హైదరాబాదు వచ్చి పదేళ్ళయింది. భార్య జాయ్స్ నర్సు. బాచుపల్లిలో కిరాయికి ఉంటున్నారు. సమ్మె మొదలైన రెండో రోజు అతను షేర్ ఆటోలో ఫోన్ మాట్లాడుతూ వస్తుంటే పక్కనున్నతను ఆ యాస విని, “మీదెక్కడ సార్, ఆంధ్రనా? ఇగ మూటాముల్లె సదురుకోవాలె” అని నవ్వాడు. ఆటోలో అందరూ నవ్వారు. కొట్టలేదు, తిట్టలేదు, ఉత్త నవ్వులాట. కానీ కిరణ్ పాల్‌కి చెవులు వేడెక్కాయి. దిగేదాకా తల ఎత్తలేదు. పదేళ్ళుగా నాదనుకున్న ఊళ్ళో పరాయివాణ్ణయ్యానే అని అతను పడ్డ బాధ నిజమైనదే, ఎవరూ కాదనలేరు. ఆ బాధని ఆటోలోనే వదిలి దిగి ఉంటే ఈ కథే లేదు. అతను దాన్ని నాలుగో అంతస్తుకి మోసుకెళ్ళాడు.

ఆ రోజే మీటింగు. అడ్మిన్ మేనేజరు కామేశ్వరరావు, నర్సయ్య రాసే పుస్తకాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని మామూలుగా అడిగాడు. అడిగింది అంతే. కిరణ్ పాల్ లేచాడు.

“పుస్తకంలో ఎవరి పేరైనా రాసేస్తారండి. వాళ్ళూ వాళ్ళూ ఒకటి. సమ్మెకి పోయినవాళ్ళ నంబరు నొక్కి ఇంకొకళ్ళు వేలు పెడతారు. కుదిరిందా సరే, లేకపోతే నర్సయ్య ఎలాగూ ఉన్నాడు. అందుకని బంద్ రోజుల్లో మూడుసార్లూ కుదరకపోతే, నర్సయ్య లోపలికి పంపినా సరే, రానట్టే వేద్దాం. అలా ఆరు రోజులైతే గేటు పాసు దానంతటదే ఆగిపోయేలా పెడతాను. ప్రోగ్రాం అబద్ధం చెప్పదండి.”

కామేశ్వరరావు “మీ ఇష్టం” అన్నాడు. కిరణ్ పాల్ గంటలో రాసేశాడు. ఆ గంటసేపు ఎంత హుషారుగా ఉన్నాడో కిరణ్ పాల్‌కి బాగా గుర్తు. ఆటోలో నవ్వినవాడికి చెప్పలేని సమాధానం ఎవరికో చెప్పేస్తున్నట్టు వేళ్ళు చకచకా ఆడాయి.

సమ్మె తొమ్మిదో రోజు జయలక్ష్మి అతని బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, అంజమ్మ పాసు ఆగిపోయింది. పొద్దుగాల్నుంచి గేటు బయట కూసున్నది.”

“సమ్మెకి వెళ్తే ఆగదా మరి?” అన్నాడు కిరణ్ పాల్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

“సమ్మెకు పోలే సార్. దినాం వచ్చింది. మీ అంతస్తు తుడిచేది ఆమెనే గద.”

“మిషన్‌లో లేదు కదా.”

“మిషన్ల లేకుంటే మనిషే లేనట్టా సార్?” జయలక్ష్మి గొంతు కొంచెం లేచింది. “వాళ్ళాయన బిల్డింగు పనిల కిందవడ్డడు. నడుం ఇరిగింది. ఆమె నౌకరి ఉంటెనే ఈఎస్ఐ దవాఖానల చూస్తరు. పాసు ఆగితె కంట్రాక్టరు ఆమె పేరు తీసేస్తడు. పేరు తీస్తే కార్డు పోతది. జర చూడున్రి సార్.”

“రేపు ఎంక్వైరీ పెడతారుగా, అక్కడ చెప్పుకోమనండి” అని కిరణ్ పాల్ ముగించేశాడు. జయలక్ష్మి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక అతను అంజమ్మ నంబరు తెరిచి చూశాడు. జాలితో కాదు, రేపు ఎంక్వైరీలో చూపించడానికి రుజువు తీసి పెట్టుకుందామని. రుజువు దొరికింది. ఆరు గంటల నలభై ఒక్క నిమిషానికి ఎర్ర దీపం. నలభై ఒకటికే మళ్ళీ ఎర్ర దీపం. నలభై రెండుకి మళ్ళీ. మర్నాడు ఆరూ ముప్పై ఎనిమిదికి మూడు. ఆ మర్నాడు మూడు. వెనక్కి వెళ్ళాడు. ఆగస్టులో మూడు మూడు. జూలైలో మూడు మూడు. సమ్మె అన్న మాటే లేని రోజుల్లో కూడా అదే నంబరు, అదే వేళ, అవే మూడు ఎర్ర దీపాలు. సమ్మెకి పోయిన మనిషి జూలైలో దొంగ వేలు ఎవరిచేత పెట్టిస్తుంది? అసలు రాని మనిషి రోజుకి మూడుసార్లు వేలు ఎలా పెడుతుంది?

వచ్చానని ఆమె మూడుసార్లు చెప్పింది. మూడుసార్లు చెప్పింది కాబట్టి రాలేదని అతను రాశాడు. కిరణ్ పాల్ చుట్టూ చూశాడు. ఈ ఎనిమిది రోజులూ అతని బల్ల మీద దుమ్ము లేదు, కాళ్ళ కింద చెత్త లేదు, డబ్బాలో కాగితాలు లేవు. ఈ ఒక్క రోజే నిన్నటి టీ కప్పు అలాగే ఉంది, అడుగున చీమలు పట్టి.

ఆ సాయంత్రం అన్నానికి కూర్చున్నప్పుడు జాయ్స్ ప్రార్థన చేయమంది. నువ్వే చెయ్యమన్నాడు. తిన్నాక సంగతంతా చెప్పాడు, ఆటో సంగతి తప్ప.

“మా ఆసుపత్రిలో ఆయాల చేతులు ఎప్పుడైనా చూశారా మీరు?” అంది జాయ్స్. “యాసిడ్లూ బ్లీచింగులూ ముట్టుకుని ముట్టుకుని వేళ్ళ మీద గీతలే ఉండవండీ. నున్నగా అయిపోతాయి. చేతులు కడుక్కుంటే గీతలు మొలుస్తాయా? ఇంతకీ ఎవరి వేళ్ళతో పరీక్షించారు?”

కిరణ్ పాల్ తన వేళ్ళ కొసలు చూసుకున్నాడు.

“రేపు చెప్పేస్తారుగా?”

“చెప్తాను” అన్నాడు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళేదాకా మనసులో వాక్యాలు కూర్చుకున్నాడు. యంత్రం నాసిరకం అనుకోవాలి. అరిగిన వేళ్ళని చదవలేకపోతోంది. ఇంకో రకం తెప్పించాలి. అన్నీ నిజాలే. ఎటు తిప్పినా తన పేరు రాని నిజాలు.

కామేశ్వరరావు గదిలో కుర్చీలు నాలుగున్నాయి గాని అంజమ్మ కూర్చోనంది. బక్కపలచటి మనిషి, నీలం యూనిఫాం చీర, ఒక భుజానికి సంచి. జయలక్ష్మి ఆమె పక్కనే నిలబడింది. కామేశ్వరరావు చెడ్డవాడు కాదు. మెత్తగానే మాట్లాడాడు.

“చూడమ్మా, ఉద్యమాలు ఉంటాయి, కాదనను. కానీ చెప్పకుండా మానేస్తే ఎలా? ఆరు రోజులు.”

“నేను దినాం వచ్చిన సార్. బస్సులు లేకపాయె, రైలు లేకపాయె. బోరబండ కాడికెల్లి పట్టాల ఎంబడి నడుసుకుంట వచ్చిన. చీకటితోని లేస్తే గాని టైముకు అందకపోతుండె. మా బస్తీల ఆడోళ్ళందరు నన్ను తిట్టిన్రు. నీకు తెలంగాణ వద్దానే అని మొఖం మీద అడిగిన్రు. నాకు వద్దా సార్? నాక్గూడ గావాలె. కని మా ఆయన దవాఖాన కార్డు ఈ నౌకరి మీదనే ఉన్నది, ఏం జేయాలె? ఆడ సమ్మెకు రాలేదని మాటలు వడితి. ఈడ మీరేమో సమ్మెకు పోయినవంటున్నరు.”

“వచ్చావని ఎవరైనా చూశారా అమ్మా? మీ సూపర్‌వైజరూ నర్సయ్యా కాకుండా, ఆఫీసువాళ్ళు ఎవరైనా?”

అంజమ్మ గదంతా చూసింది. ఆమె ముఖం కాస్త తేటపడింది. కిరణ్ పాల్ వైపు చెయ్యి చూపించింది.

“ఈ సారు చూసిండు. సారు అందరికంటే ముందుగాల వస్తడు. నేను తుడుసుకుంట పోతే కుర్చీల కూసోనే కాళ్ళు పైకి లేపుతడు. నేను కింద తుడిచినంక దించుతడు. దినాం గంతే. అడుగున్రి సార్.”

కామేశ్వరరావు అటు తిరిగాడు. “ఏమండీ కిరణ్ గారూ?”

కాళ్ళు ఎత్తిన సంగతి అతనికి గుర్తుంది. తడి గుడ్డ దగ్గరికి రాగానే, పక్కన ఎవరో పలకరిస్తే తల ఊపినంత అలవాటుగా, కళ్ళు తెర మీదే ఉంచి రెండు కాళ్ళూ ఎత్తేవాడు. గుడ్డ గుర్తుంది. ఫినాయిల్ వాసన గుర్తుంది. అవుననడానికి నోరు తెరిచాడు కూడా. అవునంటే, మరి చూస్తూ చూస్తూ ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు అని వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. అక్కడే నాలుక మడతపడింది.

“సరిగ్గా గుర్తు లేదండి” అన్నాడు.

అంజమ్మ చెయ్యి కిందికి దిగింది. ఆమె కోపం తెచ్చుకుని నాలుగు మాటలన్నా బాగుండేది. తనే ఏదో పొరబడ్డట్టు చూసింది.

“చదువుకున్న మనిషి, ఆయన అబద్ధం చెప్పరు కదమ్మా” అన్నాడు కామేశ్వరరావు. “సరే, నీ ఇబ్బంది నాకు తెలుసు. నీ పొట్ట కొట్టాలని నాకు లేదు. క్షమాపణ కాగితం రాయించాను. అనుమతి లేకుండా సమ్మెకి వెళ్ళాను, ఈసారికి మన్నించండి అని. వేలిముద్ర వేసెయ్. రేపటి నుంచి రా.”

“అమ్మా, పోకుండనే పోయినవని ఎట్ల ఏస్తవు?” అంది జయలక్ష్మి నెమ్మదిగా.

“ఏస్త అక్కా. కార్డు ఉండాలె గద” అంది అంజమ్మ. సంచి కింద పెట్టి ముందుకి వచ్చింది. సిరా పెట్టె మీద బొటనవేలు అద్ది కాగితం మీద పెట్టింది.

నల్లటి మచ్చ పడింది.

“కాస్త గట్టిగా ఒత్తమ్మా” అన్నాడు కామేశ్వరరావు. రెండోసారి ఒత్తింది. మళ్ళీ మచ్చే. ఆయన ఆమె వేలు పట్టుకుని తనే ఒత్తించాడు. మూడోసారీ మచ్చే. కళ్ళద్దాలు సర్దుకుని కాగితం దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

“ఇదేంటి, ఒక్క గీత కూడా లేదు?”

“అరిగినయ్ సార్. బాత్రూముల యాసిడు” అంది అంజమ్మ, తప్పు చేసినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంటూ. “తప్పయింది సార్. ఇంకో ఏలు ఏస్త.”

కిరణ్ పాల్ ఇంక కూర్చోలేకపోయాడు. చేయని తప్పు ఒప్పుకోవడానికి కూడా ఆ మనిషికి వేలు లేకుండా పోయింది.

“ఆపండి సార్. ఆవిడ వచ్చింది. రోజూ వచ్చింది. మిషన్‌కి ఈ వేళ్ళు చదవడం రాదు. మూడు నెలల రికార్డు చూశాను, అన్ని రోజులూ ఇంతే.”

గదిలో బరువు దిగినట్టయింది. కామేశ్వరరావు ముఖం వికసించింది. ఆయనకి కావలసింది ఎవరి మీదా నింద పడని దారి. “అదీ సంగతి! మిషన్ తప్పన్నమాట. ముందే చెప్పొద్దూ? అమ్మినవాడికి ఘాటుగా ఉత్తరం రాద్దాం” అంటూ క్షమాపణ కాగితం నాలుగు ముక్కలు చేశాడు. “వెళ్ళమ్మా, పని చూసుకో. పాసు ఇప్పుడే తెరిపిస్తాను. నీ కార్డుకి ఏ ఢోకా లేదు.”

జయలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. కిరణ్ పాల్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అయిపోయింది. తనే కాపాడాడు. నాలుగు రోజులు పోతే ఈ సంగతిని ఆ సహానుభూతి పాఠంలో ఒక ఉదాహరణగా కూడా చెప్పుకోవచ్చు. ఆ ఆలోచన నిజంగానే వచ్చింది అతనికి. అంత సిగ్గులేని ఆలోచన తన బుర్రలో పుట్టిందని ఆ తర్వాత ఎన్నేళ్ళయినా మర్చిపోలేకపోయాడు.

అంజమ్మ కదల్లేదు. కొంగుతో సిరా తుడుచుకుంటూ నిలబడింది. ఏదో లెక్క కుదరనట్టు ఉంది ఆమె ముఖం.

“సార్, ఒక్క మాట. ఏమనుకోకున్రి. మిషన్‌కు నా ఏలు కనవడలే. సరే. అరిగిన ఏలాయె, అదేం జేస్తది? ఏలు తెలుస్తలేదు అని ఊకోవాలె గద. నేను రాలేదని దానికెవరు చెప్పిన్రు?”

కామేశ్వరరావు నవ్వబోయాడు. “అది దానంతటదే...” అని, మధ్యలో ఆగి, కిరణ్ పాల్ వైపు చూశాడు. ఆ మీటింగు ఆయనకి గుర్తొచ్చినట్టుంది. ఇప్పటికీ తప్పించుకునే సందు ఉంది. సిస్టం అలా ఉందమ్మా అంటే చాలు. ఆ మాటకి ఎదురు అడిగేవాళ్ళు ఆ గదిలో లేరు. సిస్టం అన్న మాట కిరణ్ పాల్ నాలుక చివర దాకా వచ్చింది కూడా. జయలక్ష్మి అతన్నే చూస్తోంది.

“నేను చెప్పానమ్మా” అన్నాడు.

“నువ్వా సార్?”

“నేనే. బంద్ రోజుల్లో ఒకళ్ళ బదులు ఒకళ్ళు వచ్చి దొంగ వేలు పెడతారనుకున్నాను. వేలు కుదరనివాళ్ళని రానట్టు వేసి, పాసు ఆపేయమని నేనే రాశాను. ఎవరూ రాయమనలేదు. నాకు నేనే రాశాను.” ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసి, “ఇందాక గుర్తు లేదన్నాను కదా, అది కూడా అబద్ధమే” అన్నాడు.

అంజమ్మ తన వేలి వైపు చూసుకుంది. సిరా సగమే పోయింది.

“దొంగ ఏలు” అంది, తనలో తను అనుకున్నట్టు. తర్వాత తలెత్తి అతన్ని సూటిగా చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అతను తట్టుకునేవాడు. నిజంగా తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

“దినాం నేను నీ కాళ్ళ కాడనే ఉంటి గద సారూ. నన్ను చూస్కుంటనే రాసినవా?”

కిరణ్ పాల్ తల ఎత్తలేకపోయాడు.

“అవునమ్మా” అన్నాడు. “చూస్తూనే.”